నా పొలం, నా బోరు, మీకేం నొప్పి?

ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. రాకపోతే మీ ఫోనును ఒకసారి రిపేరు షాపులో చూపించుకోండి. అర్ధరాత్రి, బోరు లారీ లైట్లు, తెల్లటి దుమ్ము, ఉన్నట్టుండి మిద్దె దాటి లేచిన నీళ్లు, వెనక సినిమా పాట. ఆ నీళ్లలో తడుస్తూ ఒకాయన మనవైపు వేలు చూపించి అంటాడు: "నా పొలం, నా దుడ్డు, నా బోరు. ఎవనికేం నొప్పి?" ఈ ఎండాకాలం మా అనంతపురం వైపు ఇవి పెళ్లి వీడియోలను మించిపోయాయి. ఊరు మారుతుంది, లారీ మీద రాసిన దేవుడి పేరు మారుతుంది, డైలాగు మాత్రం అదే.

నాకు నొప్పి ఉంది. ఎక్కడో చెబుతాను.

ముందు ఆయన్ను మెచ్చుకోవాలి. వ్యక్తి స్వేచ్ఛ అంటే ఏమిటని పెద్దపెద్దవాళ్లు వందల పేజీలు ఖర్చుపెట్టి కొట్టుకున్నారు. ఈయన ఎనిమిది మాటల్లో తేల్చేశాడు. ఇంగ్లండులో జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో స్వేచ్ఛ మీద ఒక పుస్తకమే రాసి, ఒక మనిషిని బలవంతంగా ఆపే అధికారం సమాజానికి ఒకే ఒక్క సందర్భంలో ఉంటుందన్నాడు: అవతలివాడికి హాని జరుగుతున్నప్పుడు. అదే 1859లో అదే దేశపు ప్రభువుల సభ ఒక తీర్పు చెప్పింది. వాండిల్ నది మీద అరవై ఏళ్లకు పైగా నీటిమర నడుపుకుంటున్న ఒకాయన, పక్కన క్రాయిడన్ పట్టణంవాళ్లు బావి తవ్వి నదికి చేరాల్సిన ఊటను మధ్యలోనే తోడేస్తున్నారని మొత్తుకున్నాడు. ఫలానా కాలువంటూ లేకుండా భూమి కింద పాకే నీటి మీద నీకు హక్కు లేదు పొమ్మన్నారు ప్రభువులు. మర ఆగితే ఆగనీ. హాని భూమి కింద జరిగింది కాబట్టి లెక్కలోకి రాదు.

1895లో పికిల్స్ అనే ఆసామి బ్రాడ్‌ఫర్డ్ నగరానికి పోయే నీళ్లను తన భూమిలోనే మళ్లించబోయాడు. నగరం చేత తన భూమి కొనిపించడానికే ఈ ఎత్తు వేశాడని అవతలివాళ్ల వాదన. ఉద్దేశం దుర్మార్గమైనా సరే, హక్కు హక్కేనన్నారు ప్రభువులు. పికిల్స్ గారు ఇప్పుడు బతికుంటే మా కళ్యాణదుర్గంలో బోర్ల ఏజెన్సీ పెట్టి ఉండేవారు.

1859 నాటి ఆ న్యాయమే అంతకుముందే ఓడెక్కి మన దగ్గరికొచ్చింది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఏడో సెక్షనులో ఇప్పటికీ ఉంది చూడండి: తన హద్దుల్లో, భూమి కింద, నిర్ణీత కాలువలో పారని నీటినంతా తీసుకునే హక్కు భూమి యజమానిది. అదే 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురాన్ని జిల్లా చేశారు. జాతకాలు చూసేవాళ్లు గమనించాలి.

నా పొలం అన్నాడు, సరే. ఆ పొలంలో ఎక్కడ తవ్వాలో చెప్పేదెవరు? టెంకాయ.

టెంకాయ గురించి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి. ఈ విద్య తెలిసినాయన పొద్దున్నే బండిమీద వస్తాడు. గట్టు దగ్గర చెప్పులు విడుస్తాడు. తూర్పుకు తిరిగి దండం పెట్టుకుంటాడు. పీచు తీసి జుట్టు మాత్రం వదిలిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని, నిండుచూలాలి నడకలా మెల్లగా నడుస్తాడు. వెనకాల ఇంటాయన, ఇంటామె, బావమరిది, పనిలేని నలుగురు, వాళ్ల వెనక ఫోను పట్టుకున్న కుర్రాడు. నీళ్లున్న చోటికి రాగానే కాయ దానంతటదే లేచి నిలబడుతుంది. అందరూ ఊపిరి వదులుతారు. అక్కడ నాలుగు రాళ్లు పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోస్తారు. కొందరు వేపపుల్ల పట్టుకుంటారు, కొందరు గొలుసు వేలాడదీస్తారు. వాళ్లందరినీ టెంకాయ మించిపోయింది. వీడియోలో బాగా కనబడేది అదే మరి.

ఈ విద్య అందరికీ అబ్బదట. ఓ పాజిటివ్ రక్తం ఉండాలట. మన దేశంలో మూడోవంతుకు అటూ ఇటూగా జనం ఒంట్లో పారే రక్తం అది. అంటే ఉరవకొండ బస్టాండులో నిలబడి కళ్లు మూసుకుని రాయి విసిరితే ఒక జలశాస్త్రవేత్తకు తగలాలి. రక్తదాన శిబిరాలు పెట్టేవాళ్లు ఇక నుంచి ఓ పాజిటివ్ సీసాలు ఆసుపత్రికి పంపకుండా భూగర్భ జల శాఖకు పంపితే జిల్లాకు మేలు జరుగుతుందేమో.

ఇన్నాళ్లుగా ఈ కాయను చూస్తున్నాను కదా, దానికొక అలవాటుంది. పొలం నడిమధ్యలో లేవదు. గెనిమ పక్కన లేస్తుంది. అదీ ఏ గెనిమ? అవతలి చేలో రెండించుల నీళ్లు పోస్తున్న బోరు ఉన్న వైపు గెనిమ. పక్కోడి బోరుకు ఇరవై అడుగుల్లో, మహా అయితే ముప్పై అడుగుల్లో. మాది గ్రానైటు నేల. పైనున్న మెత్తబడిన పొరలోనో, దాని కింద రాతి పగుళ్లలోనో నీళ్లుంటాయి. పక్కోడి బోరుకు పగులు దొరికిందంటే అదే పగులు నీ చేను కిందికీ పాకి ఉండొచ్చు. ఇది తెలుసుకోవడానికి రక్తం పరీక్ష అక్కర్లేదు, కళ్లుంటే చాలు. మన జలజ్ఞాని నడక మొదలుపెట్టకముందే టీ తాగుతూ అడిగేస్తాడు: "పక్క చేనాయనకు ఎంతలో పడింది?"

పక్కోడి బోరుకు పోటీగా వేసే ఎదురుబోరుకు కావాల్సిన శాస్త్రమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

కాయ తప్పిందనుకోండి. తప్పుతుంది. అప్పుడు తప్పు కాయది కాదు, చూసినాయనదీ కాదు. "ఇంట్లో ఆడోళ్లెవరన్నా ముట్టుతో చేన్లోకి వచ్చినారేమో అడుగు" అంటాడు. వెయ్యి అడుగుల కింద నీళ్లు లేకపోవడానికి పైన ఇంటామె కారణమైపోతుంది. ఫీజు మాత్రం వెనక్కి రాదు.

నమ్మకం మా ఇష్టం, మా స్వేచ్ఛ అంటారా? టెంకాయను నమ్మే స్వేచ్ఛకు నేను అడ్డం రాను. దాన్ని పగలగొట్టి పచ్చడి చేసుకునే స్వేచ్ఛ అంతకన్నా మంచిదని నా అభిప్రాయం, అంతే. కానీ నమ్మకం అరచేతిలో ఆగడంలేదు కదా. అది తిరుచెంగోడు నుంచి వచ్చిన లారీ ఎక్కి, కంప్రెసరు పెట్టుకుని, ఆరున్నర అంగుళాల బిట్టుతో పక్కోడి నీళ్లలోకి దిగుతోంది. ఆ బిట్టు మొదలైన చోట నమ్మకం అనే మాట అయిపోయింది.

ఆ రాత్రి ఎలా ఉంటుందో వీడియోలో చూపరు. లారీ రొదకు కుక్కలు కూడా ఊరొదిలి పోతాయి. ఏజెంటు చేతిలో చిన్న పుస్తకం. ఇరవై అడుగుల రాడ్డు దిగిన ప్రతిసారీ ఒక గీత. మూడొందల అడుగులకు పొడి దుమ్ము. నాలుగొందలకు పొడి దుమ్ము. చుట్టూ చీనీ ఆకుల మీద, పొలమాయన కనుబొమల మీద ఒకటే తెలుపు. ఆపేద్దామా అని ఆయన అడగబోయే క్షణం ఏజెంటుకు కచ్చితంగా తెలుస్తుంది. "ఇంకో వంద దించుదాం అన్నా, గ్యాప్ తగిలేటట్టుంది" అంటాడు. ఆ వందలో ఇంటామె గొలుసు దిగిపోతుంది. తర్వాతి వందలో ఎద్దులు. ఆ పై వందకు వడ్డీకిచ్చే ఆసామి గట్టు మీదే కూర్చుని ఉంటాడు, సంతకానికి. తెల్లారి లారీ ఇంకో ఊరికి పోతుంది. నీళ్లు లేచిన రాత్రే వీడియో అవుతుంది, దుమ్ము లేచిన రాత్రులు అప్పు పత్రాలవుతాయి.

నీళ్లు పడ్డ రాత్రి గురించి చెప్పుకుందాం. ఎందుకంటే నా నొప్పి అక్కడుంది. ధర్మవరం పక్క ఊళ్లో మా పిన్నమ్మ కొడుకు చీనీ తోట. బిందెలతో పోసి, ట్యాంకర్లు కొని, ఏళ్లతరబడి బిడ్డల్లా సాకాడు. పక్కోడి ఎదురుబోరు పడిన నెలకు వాడి బోరు గాలి కక్కింది. కాయ పిందెలోనే రాలింది, కొమ్మ ఎండింది, రంపం వచ్చింది. చీనీ కట్టె ట్రాక్టరుకెత్తుతుంటే వాడు చూడలేక రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. ఇప్పుడు బెంగళూరులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. అక్కడ సంపుకు నీళ్లొచ్చాయో లేదో పొద్దున్నే చూసి మోటారు వేయడం వాడి డ్యూటీ. వీడియోలో వేలు చూపిస్తున్నాయనా, "ఎవనికేం నొప్పి" అన్నావు కదా. వీడికి.

ఇక వ్యంగ్యం చాలు. కోపం వస్తోంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదీ నాలుగు రోజుల్లో పడి, నాలుగు నెలలు మొహం చాటేసే వాన. ఆ వానలో ఇంకింది ఎంతో అంతే మన ఖాతా. మూడొందల అడుగుల బోరును ఆరొందలు చేస్తే వాన పెరగదు. గ్రానైటులో లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. నీ ఆరొందల అడుగుల బోరు కొత్త నీళ్లేవీ కనిపెట్టలేదు, మూడొందల అడుగులవాడి గ్లాసులో పొడుగు గొట్టం పెట్టింది. రేపు వెయ్యి అడుగులవాడు వచ్చి నీ గ్లాసులో పెడతాడు. దీనికి స్వేచ్ఛ అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. అడుగుకింతని రేటు కట్టి అమ్మే స్వేచ్ఛ ఇది. కొనగలిగినన్ని అడుగులు కొన్నవాడు స్వేచ్ఛాజీవి, కొనలేనివాడు వలసకూలీ.

లోతు నీళ్లతోపాటు పైకొచ్చే ఫ్లోరైడు ఎవరి స్వేచ్ఛ? పళ్లు గారపట్టి, నడుములు వంగిన ఊళ్లు మన కళ్లముందే లేవా? 1990ల మధ్యలో సత్యసాయి పథకం ఏడువందలకు పైగా ఊళ్లకు తాగే నీళ్లు పైపుల్లో పంపిందంటే కారణం మన ఊళ్లలో నీళ్లు కరవవడం, ఉన్నవి విషమవడమే కదా. కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆటో స్టార్టరు పెట్టి, ఊరి మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మరు పేలితే చందాలు మాత్రం అందరూ వేసుకోవాలి! ఇక పడని బోర్లు. కేసింగు పైపు కూడా పీక్కునిపోయి, మూత పెట్టకుండా వదిలేసిన గుంతలు. 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది: తవ్వడానికి పదిహేను రోజుల ముందు అధికారులకు తెలపాలి, చుట్టూ కంచె వేయాలి, వదిలేసిన గుంతను పూడ్చాలి అని. పిల్లలు పడిపోయినప్పుడు టీవీల్లో రాత్రంతా చూస్తాం, కన్నీళ్లు పెట్టుకుంటాం. మర్నాడు మన చేలో గుంత మీద ఒక గోనెసంచి కప్పి, దానిమీద రాయి పెడతాం. బాధ్యత తీరిపోయింది.

చట్టం లేదా అంటే భేషుగ్గా ఉంది. 2002లో వచ్చిన వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. బావులు, బోర్లు రిజిస్టరు చేయించుకోవాలి. తవ్వే లారీకీ రిజిస్ట్రేషను ఉండాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా తవ్వరాదు. నీళ్లు అతిగా తోడేసినట్టు ప్రకటించిన ఊళ్లలో కొత్త బోర్లే వద్దు. చదివితే కళ్లు చెమరుస్తాయి. మా వైపు వాల్టా పేరు వినబడేది ఇసుక ట్రాక్టరు పట్టుకున్నప్పుడే. ఒక చేత్తో వాల్టా, ఇంకో చేత్తో 2004 మే 14న కొత్త ముఖ్యమంత్రి పెట్టిన తొలి సంతకం, ఉచిత కరెంటు. తర్వాత 2020లో ఉచిత బోర్లకే ఒక పథకం, వైఎస్సార్ జలకళ. ఏ జెండా అయినా ఒకటే, రైతుకు గొట్టం ఇస్తామంటుంది, నీళ్ల లెక్క మాత్రం చెప్పదు. లెక్క చెబితే ఓటు పోతుందని భయం.

సంప్రదాయం పేరు ఎత్తేవాళ్లకు ఒక మాట. బుక్కపట్నం చెరువు కిందో, సింగనమల చెరువు కిందో మీ తాత "నా పొలం, నా ఇష్టం" అని తూము ఎత్తగలిగేవాడా? నీరుగంటి వచ్చి మడవ తిప్పితేనే తడి. ఎవరికి ఎంతసేపో అతనికి తెలుసు, ఊరికి తెలుసు. ఆ కాలం బంగారమని నేననను. తూము పక్కన పొలాలు ఎవరివో, చివరాయకట్టు ఎవరిదో, నీరుగంటిని ఏ వాకిట్లో నిలబెట్టేవాళ్లో మనందరికీ తెలిసిందే. అయినా చెరువులో నీళ్లు కనబడేవి కాబట్టి, తాగితే తగ్గేవని ఒప్పుకునేవాళ్లు.

ఇంతకీ నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది ఇంకొకటుంది. బోరు దగ్గర "నా ఇష్టం" అనే ఈ మనుషులే ఇంటికొచ్చాక ఎలా మాట్లాడతారో విన్నారా? కూతురు అనంతపురంలో కాలేజీకి పోతుంటే ఫోనెవరితో, బస్సు దిగి ఏ సందులో నడిచింది, డ్రెస్సేమిటి, అన్నీ ఊరికి కావాలి. ఆ పిల్ల వేరే కులం అబ్బాయిని చేసుకుంటానంటే రచ్చబండ దగ్గర మనుషులు చేరతారు. "ఇష్టమొచ్చినట్టు చేస్తే సమాజం ఏమైపోవాల? హద్దులుండొద్దూ?" అంటారు. ఉండాలి బాబూ, ఉండాలి. హద్దులు ఉండాల్సిన చోటే ఉండాలి. ఆ పిల్ల పెళ్లితో ఎవరి బోరు ఎండింది? ఎవరి తోట కట్టెలైంది? ఎవరి బిడ్డ గుంతలో పడింది? పెద్దలైన ఇద్దరు చేసుకునే పెళ్లిలో ఖాప్ పంచాయతీలకూ, అలాంటి కూటములకూ వేలుపెట్టే అధికారం లేదని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అంతకుముందే 1991లో అదే కోర్టు, శుభ్రమైన నీరు జీవించే హక్కులో భాగమని సుభాష్ కుమార్ కేసులో అంది. రెండింటికీ ఆధారం ఒకటే, రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణం. మనవాళ్లు దాన్ని తలకిందులు చేసి చదువుకున్నారు. పిల్ల మనసు ఊరుమ్మడి ఆస్తి, ఊరి నీళ్లు మాత్రం సొంతాస్తి!

కానీ ఎట్లా సార్, రైతు బతకొద్దా అంటారు. బతకాలనే చెబుతున్నాను. బతికి చూపించినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. 2000ల మొదట్లో మా జిల్లాతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే టేపు పట్టుకుని బోర్లలో నీటిమట్టం కొలిచారు, గోడల మీద రాశారు, రబీకి ముందు కూర్చుని ఉన్న నీళ్లకు ఏ పంట సరిపోతుందో లెక్క వేసుకున్నారు. జైలు లేదు, జుల్మానా లేదు. ఆ దశాబ్దం చివరికి మా జిల్లాలోనే కొన్ని ఊళ్లలో బోర్లున్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి పైపులు ఒకదానికొకటి కలుపుకున్నారు. కొత్త బోర్లు తవ్వబోమని కాగితం రాసుకున్నారు. వరి మానేశారు, ఎండే వేరుశనగకు ఒకటి రెండు తడులు అందరికీ ఇచ్చుకున్నారు. అదీ స్వేచ్ఛే. తన చేతులు తానే కట్టేసుకుని, కడుపు నింపుకున్న స్వేచ్ఛ. దాని మీద వీడియో ఎందుకు రాలేదంటే, అందులో నీళ్లు మిద్దె దాటి ఎగరవు. లారీ ఏజెంటుకు కమీషను కూడా రాదు.

నేను పెద్ద కోరికలేమీ కోరడంలేదు. సచివాలయం గోడ మీద పింఛన్ల జాబితా ఉంటుంది కదా, దాని పక్కన ఊరి బోర్ల జాబితా రాయండి. ఎవరిది, ఎన్ని అడుగులు, ఎప్పుడు దించారు, అనుమతి ఉందా లేదా, పడిందా లేదా, పడకపోతే గుంత పూడ్చారా. ఈ మాట ఒక ఊరి పెద్దాయనతో అన్నాను. చాలా బాగుంది సార్, జనానికి తెలియాల్సిందే అన్నాడు. పెయింటు ఖర్చు తానే పెట్టుకుంటానన్నాడు. టీ తెప్పించాడు. గ్లాసు కింద పెట్టి కొంచెం ముందుకు వంగి అడిగాడు: "అయితే సార్, నా పేరుతో మూడుండాయి. రెండు మా ఇంటామె పేర, ఒకటి బామ్మర్ది పేర రాపిచ్చితే సరిపోతాది గదా?"